ఇరుకు వీధిలో పాత ఇల్లు ఫొటో తీస్తే వెనక్కి వాలిపోతోంది, ఏం చేయాలి?

పట్టుమగ్గం
ఒడిశాలోని బరంపురం పాత వీధుల్లో పెంకుటిళ్లు, రెండంతస్తుల మిద్దెలు వరసగా ఫొటో తీస్తున్నాను. దేరా వీధి, దేశిబెహరా వీధి, బడా బజారు చుట్టుపక్కల. 40 ఇళ్లు తీస్తే పనికొచ్చేవి ఆరో ఏడో. వీధి 6 మీటర్లు దాటదు. ఎదురింటి గోడకి వీపు ఆనించి నిలబడినా పై అంతస్తు పట్టదు. ఫోను పైకెత్తితే ఇల్లు వెనక్కి పడిపోతున్నట్టు వస్తోంది. ఫోనులోని 0.5 (అతి వెడల్పు) లెన్సు పెడితే చివరి స్తంభాలు సాగిపోతున్నాయి. కరెంటు తీగల గోల సరేసరి. మధ్యాహ్నం తీస్తే వసారా అంతా చీకటి గుహ. ఈ ఇళ్లు ఎన్నాళ్లో ఉండవు, తర్వాత వెళ్దామంటే అక్కడ అపార్టుమెంటు పునాది కనిపిస్తుంది. ఫోనుతో పాటు 18–55 లెన్సున్న పాత డీఎస్ఎల్ఆర్ ఉంది. పద్ధతి చెప్పండి.

నిలువుగీత
ఇల్లు వాలట్లేదు, కెమెరా వాలుతోంది. సెన్సరు (కెమెరా లోపల బొమ్మ పడే పలక) గోడకి సమాంతరంగా ఉన్నంతసేపు నిలువు గీతలు నిలువుగానే ఉంటాయి. లెన్సు ఏదైనా సరే, ఎంత వెడల్పుదైనా సరే. పైకి వంచిన మరుక్షణం అన్ని గీతలూ పైన ఒక చోట కలవాలని చూస్తాయి.

మీ 6 మీటర్ల వీధికి లెక్క వేసి చూద్దాం. ఫోను మామూలు లెన్సు దాదాపు 24 మి.మీ.కి సమానం. నిలువుగా పట్టుకుంటే ఎంత దూరంలో ఉన్నామో దానికి 1.4 రెట్ల ఎత్తు పడుతుంది. అంటే 8.4 మీటర్లు. చాలు కదా అనిపిస్తుంది. కాని ఫోను కంటి ఎత్తులో, 1.5 మీటర్ల దగ్గర ఉంది. నిటారుగా పట్టుకుంటే అందులో సగం, 4.2 మీటర్లు, కంటికి కింద పోతుంది. అందులో 1.5 మీటర్లే ఇల్లు, మిగతాదంతా రోడ్డే. నేల నుంచి అందే ఎత్తు 1.5 + 4.2 = 5.7 మీటర్లు. మీ ఇంటి చూరు 7 మీటర్ల దగ్గరుంటే పట్టదు, అందుకే చెయ్యి పైకి లేస్తోంది.

దారులు రెండు. ఒకటి, ఎత్తు పెంచండి. ఎదురింటి మేడ మీద నుంచి, కెమెరా 3.5 మీటర్ల ఎత్తులో ఉంటే అదే లెన్సుకి 7.7 మీటర్ల దాకా వస్తుంది. ఇంటి ఎత్తులో సగం దగ్గర నిలబడటం అన్నిటికంటే మేలు. రెండోది, ఆ 0.5 లెన్సే. అది సుమారు 13 మి.మీ. నిలువుగా, నిటారుగా పట్టుకుంటే కంటికి పైన 8 మీటర్లు వస్తుంది. కింద సగంలో ఎక్కువ భాగం రోడ్డే, ఇంటికొచ్చి ఆ రోడ్డు కోసి పారెయ్యండి. 0.5 వాడటం తప్పు కాదు, వంచి వాడటం తప్పు.

ఫోన్‌చాలు
నిలువుగీత గారి లెక్క బాగుంది కాని సాగిపోయే స్తంభాల సంగతేంటి?

నిలువుగీత
చదునైన గోడ సాగదు. సెన్సరుకి సమాంతరంగా ఉన్న తలం మీద ఉన్నవన్నీ ఒకే కొలతలో పడతాయి, అంచుదాకా. సాగేది లోతున్న వస్తువే. గుండ్రటి స్తంభం, ముందుకొచ్చిన బాల్కనీ, అంచున నిలబడ్డ మనిషి. కాబట్టి స్తంభాల వసారా ఉన్న ఇంటిని ఫ్రేము మధ్యలో పెట్టి, రెండు పక్కలా పక్కింటి గోడ కొంత రానిచ్చి, తర్వాత కత్తిరించండి. మనుషుల్ని అంచుకి రానివ్వకండి, తలకాయ గుమ్మడికాయలా వస్తుంది.

18–55 కి కూడా చెప్తున్నా. ఆ డీఎస్ఎల్ఆర్ చిన్న సెన్సరుదైతే 18 దగ్గర పొడుగు వైపు దూరానికి 1.3 రెట్లు. ఫోను మామూలు లెన్సు కంటే కాస్త తక్కువే పడుతుంది. ఇరుకు వీధిలో దాన్ని కారణం చేసుకుని మోయక్కర్లేదు. లోపలి గదులకీ, చెక్కడాలకీ అది పనికొస్తుంది.

కిమిడి_చిన్నోడు
ఇంత లెక్క ఎందుకన్నా? వంచి తీసెయ్, ఇంటికొచ్చి స్నాప్‌సీడ్ యాప్‌లో పర్‌స్పెక్టివ్ నొక్కు, నిటారుగా అయిపోద్ది.

నిలువుగీత
కొంచెం వంపయితే అవుతుంది. 10 డిగ్రీలు దాటితే పై భాగాన్ని సాగదీసే కొద్దీ అక్కడ చుక్కలు పల్చబడి నూలు పోగులు విడిపోయినట్టు అవుతుంది. అంచులు కూడా కోతకి పోతాయి, అందుకని చుట్టూ 15–20 శాతం ఖాళీ వదిలి తియ్యాలి. అంతకంటే పెద్ద ఇబ్బంది ఏంటంటే, అలా సరిచేసిన ఇంటి ఎత్తు–వెడల్పుల పొత్తు (నిష్పత్తి) నిజం కాదు. ఇల్లు పొట్టిగానో పొడుగ్గానో మారిపోతుంది, చూసేవాడికి తెలీదు.

గానుగసున్నం
దానికో మందుంది. వీధి తలుపు కొలవండి. ద్వారబంధం లోపలి వెడల్పు, గడప పైనుంచి పై కమ్మీ దాకా ఎత్తు, రెండే అంకెలు. ఫొటోలో ఆ తలుపు పొత్తు అలాగే ఉందా లేదా చూసుకుని, లేకపోతే ఎత్తుని సర్దాలి. ఒక్క టేపు జేబులో ఉంటే ఆ ఫొటో రేపు మరమ్మతు చేసే మేస్త్రీకి కొలతబద్దగా పనికొస్తుంది. టేపు లేకుండా తీసిన ఫొటో గోడకి తగిలించుకోవడానికే.

దగ్గరి చెక్కడాలకి పక్కనే 30 సెం.మీ. స్కేలు పెట్టండి. అది లేకపోతే పది రూపాయల నాణెం, దాని వెడల్పు 27 మి.మీ. స్కేలుతో ఒకటి, స్కేలు తీసేసి ఒకటి.

ఛత్రపురం_చావడి
వెలుగు సంగతి ఎవరూ చెప్పలేదు. పట్టుమగ్గం గారూ, మీ ఇళ్లు ఏ ముఖం?

పట్టుమగ్గం
ఎక్కువ తూర్పు, పడమర. దక్షిణ ముఖంవి ఓ పది. ఉత్తర ముఖం నాలుగున్నాయి, వాటి మీద ఎప్పుడెళ్లినా నీడే.

ఛత్రపురం_చావడి
తూర్పు ముఖానికి పొద్దున్న, పడమర ముఖానికి సాయంత్రం అన్నది అందరికీ తెలుసు. తెలియాల్సింది చూరు నీడ. మన చూరు 60 సెం.మీ. బయటికి ఉంటుందనుకోండి. సూర్యుడు ఎదురుగా 47 డిగ్రీల ఎత్తులో ఉంటే ఆ చూరు నీడ గోడ మీద 65 సెం.మీ. దిగుతుంది. 75 డిగ్రీలైతే 2.2 మీటర్లు దిగుతుంది, కిటికీలన్నీ మింగేస్తుంది. బరంపురంలో డిసెంబరు నడిమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా ఆ 47 దగ్గరే ఉంటాడు. అందుకే దక్షిణ ముఖం ఇళ్లు డిసెంబరు, జనవరిలో తియ్యండి. పగలంతా ఏటవాలు వెలుగే. మే నెలలో అదే ఇల్లు మధ్యాహ్నం తీస్తే చూరు కింద ఏదీ కనిపించదు.

ఉత్తర ముఖం గురించి. బరంపురం 19.3 డిగ్రీల అక్షాంశం. కర్కట రేఖకి దిగువన ఉన్నాం కాబట్టి మే మూడోవారం నుంచి జులై ఆఖరి వారం దాకా సూర్యుడు మధ్యాహ్నం కూడా నడినెత్తికి ఉత్తరం పక్కనే ఉంటాడు. జూన్‌లో పొద్దు పొడిచేది కూడా తూర్పుకి బాగా ఉత్తరంగా, అయిదుంపావుకల్లా. ఆ నెలలో 5.45 నుంచి 7 లోపు ఉత్తర గోడ మీద వెలుగు పక్కనుంచి రాసుకుంటూ వెళ్తుంది. పూతలో చెక్కిన పువ్వులు, తీగలు అన్నీ లేచి కనిపిస్తాయి. ఏడాదిలో ఇది బాగా కుదిరేది అప్పుడే. వాన పడకముందు చూసుకోండి.

ఉప్పుగాలి
మబ్బు రోజు కూడా మంచిదే కదా, నీడలే ఉండవు.

ఛత్రపురం_చావడి
మొత్తం ముఖం తియ్యడానికి మంచిదే, చెక్కడాలకి కాదు. నీడ లేకపోతే లోతు తెలీదు. ఇంకోటి, వాన తర్వాత సున్నపు గోడ నీళ్లు తాగి మచ్చలు మచ్చలుగా నల్లబడుతుంది. ఆరడానికి రెండు మూడు ఎండలు పడతాయి. ఆ మచ్చల్ని చూసి గోడ పాడైపోయిందని రాసెయ్యకండి.

గానుగసున్నం
మచ్చ చెప్పే సంగతి వేరే ఉంది. వాన వెలిసి గోడంతా ఆరుతుంటే ఒక చదరం మాత్రం చుట్టూ చెమ్మతో ఉండిపోతే అక్కడ ఎవరో సిమెంటు పూశారు. సున్నం ఊపిరి పీల్చుతుంది, సిమెంటు పీల్చదు. చెమ్మ బయటికి రాలేక పక్కనున్న సున్నం మీదికి వెళ్తుంది, ఉప్పు పొంగి పూత పొరలుగా రాలుతుంది. ఆ అంచుని దగ్గరగా తీస్తే ఇల్లు ఎందుకు చెడుతోందో ఒక్క ఫొటోలో తెలుస్తుంది. కాబట్టి ఛత్రపురం గారి మాటకి చిన్న సవరణ: వాన వెలిసిన మర్నాడు కూడా ఒకసారి వెళ్లండి.

ఫోన్‌చాలు
వసారా చీకటికి: ఫోనులో గోడ మీద గట్టిగా నొక్కి పట్టుకుని వెలుగు లాక్ చేసి, ఎక్స్‌పోజరు (వెలుగు మోతాదు) మైనస్ 0.7 కి దించండి. తెల్ల గోడ కాలిపోదు, అంటే వివరాలు పోయి ఒట్టి తెలుపైపోదు.

పాతపెంకు
తప్పు. తెల్లటి గోడ ఫ్రేము నిండా ఉంటే కెమెరా దాన్ని బూడిద రంగు చేసేస్తుంది, తనకి తెలిసింది అదే. మైనస్ పెడితే ఇంకా మురికిగా వస్తుంది. ప్లస్ 0.7 నుంచి 1 దాకా పెంచాలి.

ఫోన్‌చాలు
ఎండలో సున్నం గోడకి ప్లస్ పెడితే తెల్ల కాగితం వస్తుంది సార్.

నిలువుగీత
ఇద్దరిదీ నిజమే, ఇళ్లు వేరు. గోడే ఫ్రేమంతా ఉంటే పాతపెంకు గారన్నట్టు ప్లస్. ముందు లోతైన వసారా ఉండి సగం ఫ్రేము నల్లగా ఉంటే కెమెరా ఆ నలుపుని వెలిగించబోయి గోడని కాల్చేస్తుంది, అక్కడ మైనస్. ఊహించకుండా హిస్టోగ్రామ్ (ఎడమ చీకటి, కుడి వెలుగు చూపే పటం) చూడండి. కుడి అంచుకి గుద్దుకుని నిలబడితే గోడ పోయినట్టే. రా ఫైలు (కెమెరా సర్దని ముడి ఫైలు) తీస్తే చీకట్లో ఉన్నది తర్వాత పైకి లాగొచ్చు, కాలిపోయింది మాత్రం తిరిగి రాదు.

సున్నంలో నీలిమందు కలిపి ఉంటుందని మర్చిపోకండి. ఆటో వైట్ బ్యాలెన్స్ ఆ నీలాన్ని తుడిచేస్తుంది. పగటి వెలుగు గుర్తు పెట్టి, అన్ని ఫొటోలకీ అదే ఉంచండి.

ఉప్పుగాలి
బరంపురం దగ్గరి సముద్రతీరం గోపాలపురంలో తీసేవాళ్లకి ఒక మాట. దీపస్తంభం (లైట్‌హౌస్, 1871 నాటిది), దాని చుట్టూ పాడుబడ్డ బంగళాలు తీయడానికి చాలామంది వస్తుంటారు. సముద్రపు తుంపర లెన్సు మీద కంటికి కనిపించని పొర వేస్తుంది. ఫొటో మొత్తం పాలు పోసినట్టు వస్తే కెమెరాని తిట్టకండి. పొడి గుడ్డతో రుద్దితే ఉప్పు గింజలు గీతలు పెడతాయి. ముందు ఊదుడు బుడ్డితో ఊది, తర్వాత లెన్సు ద్రవం రెండు చుక్కలు గుడ్డకి (అద్దానికి కాదు) వేసి, మధ్య నుంచి బయటికి తుడవాలి. ఏసీ గదిలోంచి తెచ్చిన కెమెరా బయటికి తియ్యగానే చెమర్చుతుంది. సంచి మూత వేసే 20–30 నిమిషాలు బయట ఉంచి అప్పుడు తెరవండి.

రాయగడ రోడ్డు
డ్రోను ఎగరేస్తే పై కప్పు మొత్తం వస్తుంది కదా?

ఉప్పుగాలి
గోపాలపురంలో ఆలోచన కూడా చెయ్యొద్దు, అక్కడ సైన్యం వాళ్ల వాయు రక్షణ కళాశాల ఉంది. బరంపురానికి రంగైలుండలో విమానాల దిగుడు పట్టీ ఉంది. ఎక్కడైనా 2021 డ్రోను నియమాల ప్రకారం డిజిటల్ స్కై అనే ప్రభుత్వ వెబ్‌సైటు పటంలో ఆకుపచ్చ, పసుపు, ఎరుపు మండలాలు చూసుకోవాలి. 250 గ్రాముల లోపుదైనా ఎరుపులో అనుమతి లేకుండా ఎగరకూడదు. పక్కింటి పెరట్లో స్నానాల గది ఉంటుంది, అదీ గుర్తుంచుకోవాలి. వీధి చివరి మేడ మీద నుంచి 18–55 లెన్సుని 55 దగ్గర పెట్టి తీస్తే పెంకుల వరస చాలినంత తెలుస్తుంది.

కిమిడి_చిన్నోడు
తీగలకి ఇప్పుడు మంచి ఉపాయం వచ్చింది. ఫోనులోనే వేలితో గీస్తే తీగలు, బైకులు, చెత్తకుండీ అన్నీ మాయం. ఇల్లు పాత పోస్టుకార్డులా వచ్చేస్తుంది.

గానుగసున్నం
వద్దు. దయచేసి వద్దు. ఆ యంత్రం తీగ వెనక ఏముందో చూడలేదు, ఊహించి పూస్తోంది. తీగ అడ్డంగా వెళ్లిన చోట చూరు కింద చెక్క అంచు ఉందనుకోండి, ఆ చోటుని అసలు లేని నగిషీతో నింపేస్తుంది. రేపు ఇల్లు కూలాక ఆ ఫొటో చూసి ఎవరో ఆ లేని నగిషీనే ఇంటి నగిషీ అనుకుంటారు. పాత ఇంటి ఫొటో సాక్ష్యం. సాక్ష్యంలో చెయ్యి పెట్టకూడదు.

కిమిడి_చిన్నోడు
ఫేస్‌బుక్‌లో పెట్టుకోడానికి కూడానా?

గానుగసున్నం
పెట్టుకో. అసలు ఫైలు విడిగా ఉంచు, మార్చినదాని పేరులోనే మార్చింది అని రాయి. రెండూ కలిసిపోతే రెండేళ్లకి నీకే తెలీదు ఏది అసలో.

జయపురం గుమ్మం
తీగలు తియ్యక్కర్లేకుండా తగ్గించొచ్చు. తీగ దగ్గర్లో ఉంటుంది, ఇల్లు దూరంగా. రెండడుగులు పక్కకి జరిగితే తీగ ఇంటి మీద చాలా జరుగుతుంది. కిటికీ కమ్మీ మీదికో చూరు గీత మీదికో తీగని జరిపి నిలబడితే సగం కనిపించదు. నాలుగైదు చోట్ల నుంచి తీస్తే ఒక ఫొటోలో తీగ మూసినది ఇంకోదాంట్లో కనిపిస్తుంది, అన్నీ దాచుకోండి. బైకుల కోసం ఆదివారం పొద్దున్న ఆరింటికి వెళ్లండి. ఠాకురాణి యాత్ర జరిగే రోజుల్లో దేశిబెహరా వీధి వైపు వద్దు, పందిళ్లు, దీపాలే వస్తాయి.

పాతపెంకు
జయపురం గారూ, యాత్ర రోజుల్లో ఇళ్లు తియ్యొద్దంటే నేనొప్పుకోను. రెండేళ్లకోసారి వచ్చే యాత్ర అది. దేశిబెహరా వీధిలో అమ్మవారికి తాత్కాలిక గుడి కడతారు. అరుగులన్నీ మనుషులతో నిండేది అప్పుడే. అరుగు ఎందుకు కట్టారో ఖాళీ అరుగు ఫొటో చెప్పదు. ముఖం ఆదివారం తియ్యండి, వాడకం యాత్రలో తియ్యండి.

జయపురం గుమ్మం
సరే, అది నిజం. నేను ముఖం వరకే అన్నాను.

పట్టుమగ్గం
ఇంట్లోకి రానిస్తే ఏవేం తియ్యాలి? కొన్నిచోట్ల రమ్మంటున్నారు, నేను లోపలికెళ్లి తికమకపడి రెండు ఫొటోలతో బయటికొస్తున్నాను.

గానుగసున్నం
వరస పెట్టుకోండి. వీధి అంతా కనిపించేలా ఒకటి, ఎదురుగా నిటారుగా ఒకటి, రెండు మూలల నుంచి ఏటవాలుగా ఒక్కోటి. తర్వాత అరుగు, వీధి తలుపు మూసి ఒకటి తెరిచి ఒకటి, ద్వారబంధం చెక్కడం, కిటికీ ఊచలు. లోపల మండువా నాలుగు మూలల నుంచీ, స్తంభం పైన బోదె దగ్గరగా, నేల గచ్చు, చివరికి తలెత్తి కప్పు. కప్పు మర్చిపోయేవాళ్లే ఎక్కువ. ఇంటి వయసు చెప్పేది అదే.

మద్రాసు మిద్దె అయితే టేకు దూలాల మధ్య సన్నటి చిన్న ఇటుకలు, సుమారు 6 అంగుళాల పొడవు, 3 వెడల్పు, 1 మందం, నిలబెట్టి ఏటవాలుగా పేర్చినవి కనిపిస్తాయి. దాని మీద ఇటుక ముక్కల సున్నపు కాంక్రీటు, పైన పలక పెంకు. ఆ ఏటవాలు వరస కింద నుంచి స్పష్టంగా రావాలి. సున్నం పూసేసి ఉంటే ఎక్కడో ఒక మూల రాలి ఉంటుంది, అది వెతకండి. దూలం ఇనుపదైతే నడుము మీద అచ్చు ఉంటుంది. డోర్మన్ లాంగ్ (ఇంగ్లండు ఉక్కు కంపెనీ) అనో, టాటా అనో. టార్చి దూలానికి పక్కగా, దాదాపు ఆనించి పట్టుకుంటే రంగు కింద ఉన్న అక్షరం కూడా లేస్తుంది. ఎదురుగా కొడితే ఏమీ కనిపించదు.

నిలువుగీత
మండువాకి స్టాండు తప్పదు. మధ్యలో ఆకాశం, చుట్టూ చీకటి. ఎఫ్ 8 (లెన్సు కన్నం కొలత), ఐఎస్ఓ 100 (సెన్సరు సున్నితత్వం), అదే చోట మూడు ఫ్రేములు: మామూలుది, రెండు స్టాపులు తక్కువ, రెండు స్టాపులు ఎక్కువ (ఒక స్టాపు అంటే వెలుగు సగం లేదా రెట్టింపు). షట్టరు వేలితో నొక్కకుండా 2 సెకన్ల టైమరు. ఫ్లాష్ వద్దు. ట్యూబులైట్లు ఆర్పించండి, పగటి వెలుగు, ట్యూబు వెలుగు కలిస్తే ఒక గోడ పచ్చగా ఇంకో గోడ నీలంగా వస్తుంది, ఏ మీటా దాన్ని సరిచెయ్యదు. రంగు అద్దాల కిటికీ ఉంటే దానికి విడిగా, అద్దం వెలుగుకి సరిపడా ఒక ఫ్రేము.

పనోరమా మీట మాత్రం వాడకండి. చూరు విల్లులా వంగుతుంది. వీధి వరస మొత్తం కావాలంటే గోడకి సమాంతరంగా నడుస్తూ రెండేసి అడుగులకి ఒకటి తీసి, హ్యుగిన్ అనే ఫొటోలు అతికే సాఫ్ట్‌వేర్‌లో కలపొచ్చు. ముందుకొచ్చిన స్తంభాల దగ్గర అతుకు తప్పుతుంది, అతుకు ఖాళీ గోడ మీద పడేలా చూసుకోండి.

ఫోన్‌చాలు
స్టాండు చూస్తే టీవీవాళ్లనుకుని జనం పోగవుతారు. కిటికీ గట్టు మీద ఫోను ఆనించి టైమరు పెట్టినా పనవుతుంది.

రాయగడ రోడ్డు
అడగడం ఎలా? తెలుగిళ్లలో సరే, ఒడియా వాళ్లిళ్లలో?

ఛత్రపురం_చావడి
"ఆజ్ఞా, ఘరర ఫటో గొటిఏ నెబి కి?" అంతే. తర్వాత వాళ్లే తెలుగులోకి వచ్చేస్తారు. అరుగుని పిండా అంటే అర్థం చేసుకుంటారు. చెప్పులు అరుగు కిందే విప్పాలి. దేవుడి గది, వంటిల్లు వాళ్లు చూపిస్తేనే. ఇంటి పెద్దావిడ వసారాలో కూర్చుని ఉంటే ముందు ఆమెతో మాట్లాడండి, మగవాళ్లకి తెలీని ఇంటి కథ అక్కడే ఉంటుంది. వారంలోగా నాలుగు ప్రింట్లు తీసుకెళ్లి ఇవ్వండి. రెండోసారి పై అంతస్తు తలుపు తెరుచుకుంటుంది.

జయపురం గుమ్మం
చట్టం కూడా తెలుసుకుని ఉండండి. 1957 కాపీరైటు చట్టంలో 52వ సెక్షను కట్టడాన్ని ఫొటో తీయడం ఉల్లంఘన కాదంటుంది. అది వీధిలో నిలబడి తీసేదానికి ధైర్యం, ఒకరి ఇంట్లోకి వెళ్లడానికి అనుమతి కాదు. గోడ మీద ఈమధ్య ఎవరైనా వేసిన బొమ్మ ఉంటే దానికి ఆ వెసులుబాటు లేదు. పురావస్తు శాఖ కట్టడాల్లో స్టాండు వాడాలంటే ముందే రాతపూర్వక అనుమతి కావాలి.

పాతపెంకు
పెంకు గురించి. బంగళా పెంకు (మంగళూరు పెంకు) చూసి ఇంటి వయసు చెప్పేవాళ్లు ఎక్కువయ్యారు. బాసెల్ మిషన్ అనే క్రైస్తవ సంఘం వాళ్లు మంగళూరులో పెంకుల కార్ఖానా పెట్టింది 1865లో. కాబట్టి ఆ రకం పెంకున్న కప్పు అంతకు ముందుది కాదు, అంతవరకే. కింద గోడ ఎంత పాతదైనా కావచ్చు, గూన పెంకు తీసేసి ఇది వేసి ఉండొచ్చు. దూలం మీద పాత వాసాల గాడులు కొత్త వాసాలకి సరిపడకుండా ఖాళీగా కనిపిస్తే కప్పు మారిందనే లెక్క. ఆ గాడులు తియ్యండి.

కార్ఖానా పేరు పెంకు అడుగు వైపు ఉంటుంది. కప్పెక్కకండి, పాత పెంకు కాలు ఆనితే పగులుతుంది, వానాకాలంలో ఆ ఇంటివాళ్లు మిమ్మల్ని తలుచుకుంటారు. పెరట్లో మిగులు పెంకులు పేర్చి ఉంటాయి. నీళ్లతో కడిగి, తడిగా ఉండగానే పక్క వెలుగులో తీస్తే అక్షరాలు కుదురుతాయి. చదరపు మీటరుకి సుమారు 15 పెంకులు పడతాయి, అది తెలిస్తే ఫొటోలో లెక్కపెట్టి కప్పు విస్తీర్ణం చెప్పొచ్చు.

కిమిడి_చిన్నోడు
మా పర్లాకిమిడిలో కొన్ని గుమ్మాల మీద ఏడాది ఉంది గాని పేరుతో ఉంది. ఒకచోట "ధాత నామ సం॥" అని. అది ఎప్పటిది?

ఛత్రపురం_చావడి
60 ఏళ్ల చక్రం. ధాత 1876–77లో వచ్చింది, ధాత కరువని జనం చెప్పుకున్న ఏడు. మళ్లీ 1936–37, మళ్లీ 1996–97. గుమ్మం పాతదే కాబట్టి మొదటి రెండిట్లో ఒకటి.

గానుగసున్నం
అక్కడే కప్పు ఫొటో పనికొస్తుంది. ఆ గదిలోనే టాటా అచ్చున్న దూలం గోడలోకి దిగి ఉంటే 1876 కాదు, టాటా వాళ్ల ఉక్కు మొదలైందే 1912లో. అప్పుడది 1936–37, ఒడిశా ప్రత్యేక ప్రావిన్సు అయిన ఏడు. కాని ఆ దూలం తర్వాత దూర్చిందా, గోడతో పాటే కట్టిందా చూడాలి. దూలం చుట్టూ సున్నం గోడ సున్నంతో కలిసిపోయి ఉంటే కలిసి కట్టింది. చుట్టూ సిమెంటు కన్నం ఉంటే తర్వాత దూర్చింది.

పాతపెంకు
అంకెలు చదివేటప్పుడు జాగ్రత్త. తెలుగు అంకెలుంటే ౨, ౩ తోకలు అరిగి ఒకదానిలా ఒకటి కనిపిస్తాయి. ఒడియా అంకెలైతే 2 మనకి 9లా, 4 మనకి 8లా ఉంటుంది. చదివింది రాయకండి, ముందు ఫొటో తియ్యండి, పక్క వెలుగులో రెండు వైపుల నుంచీ. గుళ్ల మీద రాజుగారి అంక సంవత్సరం (ఒడిశా రాజుల ఏలుబడి ఏళ్ల లెక్క) ఉంటే ఇంకో లెక్క. 1, 6, ఆపైన 6తో ముగిసేవి, 10 తప్ప సున్నతో ముగిసేవి వదిలేస్తారు. 21వ అంక అంటే ఏలుబడిలో 17వ ఏడు.

కిమిడి_చిన్నోడు
ఇది తెలీదు. రాసుకున్నాను. ఆ గదిలో కప్పు చూడలేదు, మళ్లీ వెళ్తాను.

రాయగడ రోడ్డు
పర్లాకిమిడి వెళ్లేవాళ్లు నౌపడా–గుణుపురం రైలు దారి పక్క కట్టడాలు వదలొద్దు. 1900లో నౌపడా నుంచి పర్లాకిమిడికి రాజావారు వేయించిన చిన్న లైను, 2 అడుగుల 6 అంగుళాలది. ఇప్పుడంతా బ్రాడ్‌గేజి. చిన్న లైను నాటి కల్వర్టులు, క్వార్టర్లు ఏవి మిగిలాయో అవే తియ్యాలి. మహేంద్రతనయ ఒడ్డున బృందావన్ ప్యాలెస్ సాయంత్రం వెలుగులో ఏటి వైపు నుంచి బాగుంటుంది. స్టేషను ప్లాట్‌ఫారం మీద మాత్రం స్టేషను మాస్టరుతో ఒక మాట చెప్పాకే కెమెరా తియ్యండి.

ఉప్పుగాలి
తుపాను తర్వాత మార్పు కూడా నమోదు చెయ్యాలి. ఫైలిన్ (2013 అక్టోబరు 12) గోపాలపురం దగ్గరే తీరం దాటింది. తిత్లీ (2018 అక్టోబరు 11) పలాస దగ్గర దాటి గజపతి జిల్లాని ముంచింది. పెంకులు లేచిపోయిన చోట రేకులొచ్చాయి. పాత పెళ్లి ఫొటోల్లో వెనక ఇల్లు కనిపిస్తుంది, అడిగి ఆ ఫొటోని పగటి వెలుగులో కాపీ తీసుకుని, అదే చోట నిలబడి ఇప్పటిది తియ్యండి. అదే చోటు దొరకాలంటే ముందున్న వస్తువూ వెనకున్న వస్తువూ ఒకదాని మీద ఒకటి ఎలా పడ్డాయో చూసుకుంటూ జరగాలి. స్తంభం అంచు వెనక కిటికీ ఎంత కనిపిస్తోందో అంతే కనిపించాలి. జూము తర్వాత సంగతి.

ఫోన్‌చాలు
మంచి మాట. రేకుల కింద పాత వాసాలు అలాగే ఉంటాయి, లోపలికి వెళ్తే తెలుస్తుంది.

జయపురం గుమ్మం
అందరికీ ఒక హెచ్చరిక. తాళం వేసిన ఇంటి చెక్కడపు తలుపు ఫొటో పెట్టి కింద వీధి పేరు, ఇంటి నంబరు రాయకండి. బర్మా టేకు ద్వారబంధాలకి కొనేవాళ్లున్నారు, ఊడబెరికేవాళ్లున్నారు. ఫోను ఫొటోలో లొకేషను దాక్కుని ఉంటుంది. మీ దగ్గరున్న అసలు ఫైలులో ఉంచుకోండి, బయటికి పంపేదాంట్లో తీసెయ్యండి. ఊరి పేరు వరకు చాలు.

పట్టుమగ్గం
ఇది నేను ఆలోచించలేదు. రెండు తలుపులు పెట్టి ఉన్నాను, ఇప్పుడే తీసేస్తున్నాను.

ఫైళ్లకి పేర్లు ఎలా పెడుతున్నారు?

నిలువుగీత
ఏడాది-నెల-తేదీ, ఊరు, వీధి, వరస సంఖ్య. ఏడాది ముందుండాలి, అప్పుడే వాటంతటవే వరసలో నిలబడతాయి. ఇంటికో చిన్న రాత ఫైలు: ముఖం, తలుపు కొలత, కప్పు రకం, ఎవరు ఏం చెప్పారు, ఏ రోజు. మూడు చోట్ల దాచండి, అందులో ఒకటి వేరే ఊళ్లో. వికీమీడియా కామన్స్‌లో (అందరూ వాడుకునే ఫొటోల వెబ్‌సైటు) పెడితే వివరణ తెలుగులోనూ ఒడియాలోనూ రాయండి, రెండు వైపుల వాళ్లూ వెతుకుతారు. లోపలి ఫొటోలు ఇంటివాళ్లు సరేనంటేనే.

పట్టుమగ్గం
ఈ ఆదివారం పొద్దున్న వెళ్లి తీసినవి. తూర్పు ముఖం ఇల్లు, 0.5 నిలువుగా, నిటారుగా పట్టుకుని కింద రోడ్డు కోశాను. గీతలు నిలబడ్డాయి. తలుపు కొలిచాను: వెడల్పు 104 సెం.మీ., ఎత్తు 192. ఫొటోలో పొత్తు 1.84 వచ్చింది, కొలత 1.85. లోపల దూలాలు టేకువే, ఇటుక ఏటవాలు వరస ఒక మూల కనిపించింది. పెరట్లో పెంకు మీద సగం అక్షరాలే ఉన్నాయి, మిగతా సగం విరిగింది. ఇంటావిడ ఇంకో గుట్ట ఉందంది, పాత బావి పక్కన, మీద గడ్డి పెరిగిపోయింది.

పాతపెంకు
ఆ గడ్డి చేత్తో పీకకండి, పాములుంటాయి. కర్రతో కదిపి, పగటిపూట, ఇంకొకర్ని పక్కన పెట్టుకుని. పెంకులు తీసిన వరసలోనే తిరిగి పేర్చండి. అక్షరాలు దొరికితే ఇక్కడ పెట్టండి, విరిగిన సగంతో కలిపి చూద్దాం.